ఖాళీ బండి ఎందుకు ఆగదు?

ప్రశ్న: భోగి ముందు రాత్రి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో విశాఖ వైపు వెళ్లేవాళ్లం కిక్కిరిసి ఉన్నాం. తలుపులు మూసిన ఖాళీ బండి ఆగకుండా పోయింది. ఎక్కించుకుంటే వాళ్ల సొమ్మేం పోయింది?
– ఓ పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: టైము పోతుందమ్మా. పండగ ముందు జనమంతా హైదరాబాదు నుంచి ఇటే, కనుమ దాటాక అటే. దింపేసిన బండిని ఇంకో ట్రిప్పుకి ఖాళీగానైనా వెనక్కి తోలాలి. అక్కడ పిట్ లైన్లో (బండి అడుగు చూడ్డానికి కింద గొయ్యి ఉండే పట్టాల మీద) బ్రేకులు చూసి, కడిగి, నీళ్లు పట్టేసరికి గంటలు గడుస్తాయి. నేను గార్డుగా చేసినప్పుడు అలాంటి బండిలో తోడు ఎదర ఇంజన్లో ఉన్న డ్రైవర్లే! అయినా డ్రైవరూ, సిగ్నలూ, లైనూ నిండు బండికెంతో దానికీ అంతే. అందుకే మీ కోపం సబబే. ఖాళీగా నడపక తప్పదని ముందే తెలిస్తే, కనీసం విజయనగరం, విశాఖల్లో ఆపి అన్‌రిజర్వుడు స్పెషల్‌గా ప్రకటించొచ్చు. అప్పటికప్పుడు ఆపడం మాత్రం కుదరదు.
– విశ్రాంత గార్డు, విజయనగరం