విజయనగరం పాత ఇంట్లో చిమ్నీ: 1,200 సక్షనా, 1,500 సక్షనా?

మీరు అడిగింది: దాసన్నపేటలో పాత ఇల్లు, 10×8 అడుగుల వంటగది, మూడు బర్నర్ల పొయ్యి, గోడకు నాలుగంగుళాల కన్నం ముందే ఉంది, ఏ చిమ్నీ కొనాలి అని.

ముందు ఆ కన్నం సంగతి తేల్చండి. పైపు తగిలించే చిమ్నీ నోరు సాధారణంగా ఆరంగుళాలు. దాని వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు, నాలుగంగుళాల పైపుది పన్నెండున్నరే. సగానికి సగం కూడా లేదు. రెడ్యూసర్ (పెద్ద నోటికి చిన్న పైపు కలిపే ముక్క) పెట్టి బిగించేస్తామంటారు, ఒప్పుకోకండి. గాలి పోవడానికి దారి లేక మోటారు హోరెత్తుతుంది, పొగ గదిలోనే ఉండిపోతుంది. గోడను గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మిషన్‌తో ఆరున్నర అంగుళాల కన్నం కొట్టించండి. సుత్తీ ఉలితో కొడితే పాత గోడ బీటలిస్తుంది.

ఇక సక్షన్, అంటే చిమ్నీ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందనే లెక్క. మీ గది పదడుగుల ఎత్తు అనుకుంటే 800 ఘనపుటడుగులు, అంటే 23 ఘనపు మీటర్ల లోపు. మన తాలింపులకీ వేపుళ్లకీ గంటకు 20 సార్లు గాలి మారాలన్నా 460 చాలు. పెట్టె మీద వేసే అంకె పైపు తగిలించకుండా కొలిచినది, పైపూ వంపులూ కలిశాక బాగా తగ్గుతుంది. అందుకని రెట్టింపు చేసుకున్నా 1,000–1,200 సరిపోతుంది. 1,500కి పెట్టే డబ్బు పైపు మీద పెట్టండి.

వెడల్పు పొయ్యిని టేపుతో కొలిచి తీసుకోండి. మూడు బర్నర్ల పొయ్యిలు చాలావరకు 60 సెంటీమీటర్లు దాటుతాయి. పక్క బర్నర్ చిమ్నీ అంచు బయటికి పోతే దాని పొగంతా కప్పుకే చేరుతుంది. అలాంటప్పుడు 75 గానీ 90 గానీ తీసుకోవాలి.

ఫిల్టర్‌లో నా ఓటు స్టీలు బాఫిల్‌కే (వంపు తిరిగిన రేకుల ఫిల్టర్). జాలీ ఫిల్టర్ జిడ్డు పట్టి త్వరగా మూసుకుపోతుంది. ఫిల్టర్‌లెస్ ఆటోక్లీన్ తీసుకున్నా అది కడిగేది బ్లోయర్‌ని (గాలి లాగే ఫ్యాన్‌ని) మాత్రమే, పైపులో జిడ్డు అలాగే ఉంటుంది. పైపు లేకుండా, పొగను కార్బన్ ఫిల్టర్‌తో వడకట్టి గదిలోకే వదిలే రకం జోలికి పోవద్దు, ఎండు చేపలు వేయించే ఇంట్లో అది నిలవదు.

బిగించేటప్పుడు పొయ్యి పైనుంచి చిమ్నీ అడుగు దాకా 65–75 సెంటీమీటర్లు ఉండాలి, కంపెనీ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. పాత గోడలకు సున్నం పూత మందంగా ఉంటుంది. డ్రిల్ చేస్తుంటే మొదట తెల్ల పొడి రాలుతుంది, ఎర్ర పొడి వచ్చాకే ఇటుక తగిలినట్టు. అక్కణ్ణించి కనీసం రెండంగుళాలు లోపలికి పోవాలి. తెల్ల పొడి దగ్గరే ప్లగ్గు (స్క్రూ పట్టే గొట్టం) ఆపేస్తే పది, పదిహేను కిలోల బరువుకి నెలల్లో ఊడి వస్తుంది. ఇటుకల మధ్య సందులో పడినా పట్టదు, ఓ రెండంగుళాలు జరపండి.

పైపును పూర్తిగా సాగదీసి, మిగిలింది కోసేయాలి. ముడతలుగా వదిలేస్తే అక్కడే జిడ్డు పేరుకుంటుంది. రెండు వంపులకు మించొద్దు. బయటి వైపుకు అరంగుళం వాలు ఉంటే వాన నీరు వెనక్కి రాదు. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ 2018లో చూసినవాళ్లం, ఈదురు గాలికి వాన అడ్డంగా కొడుతుందని వేరే చెప్పాలా? బయట కిందికి వంగిన మూత, దానికి జాలీ తప్పనిసరి. స్క్రూలు స్టీలువే వాడండి, ఉప్పు గాలికి మామూలు ఇనుము తుప్పు పట్టేస్తుంది.

చిమ్నీ నోట్లో గాలి వెనక్కి రాకుండా రెండు ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటికి టేపు అంటించి ఉంటే బిగించేముందు పీకేయాలి. కొత్త చిమ్నీ లాగట్లేదనే ఫిర్యాదుల్లో ఇదొకటి. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడో కన్నం ఉన్నా వెనక ఎర్త్ తీగ ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

అంతా అయ్యాక, బిగించినవాళ్లు వెళ్లకముందే ఫుల్ స్పీడ్‌లో పెట్టి ఫిల్టర్ కింద పలచని కాగితం పట్టండి, అతుక్కుని నిలవాలి. అగరుబత్తి పొగ పైపు అతుకుల దగ్గర పట్టండి. పొగ బయటికి చెదిరితే అక్కడ గాలి కారుతున్నట్టే, అల్యూమినియం టేపు మళ్లీ చుట్టించండి. ఈ పరీక్షలప్పుడు గది ఫ్యాన్ ఆపి, పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ కాస్త తెరవండి. వంట చేసేటప్పుడూ అలాగే.