ఆ వెనక చక్రం సంగతి ఊరెళ్లేలోపు తేల్చుకో

అమ్మలూ,

నీ కారు ఎడమ వెనక చక్రంలో గాలి దిగిపోతోందని నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. "వారానికోసారి గాలి కొట్టిస్తున్నాలే మావయ్యా" అన్నావు. వచ్చే వారం చంటిదాన్ని ఎక్కించుకుని పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్తానంటున్నావు కదా. గాలి తగ్గిన టైరు హైవే స్పీడుకి లోలోపల వేడెక్కి, పక్క గోడ నలిగిపోతుంది. వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఏమీ తెలీదు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌ రోడ్డులో తెలిస్తే ఏం చేస్తావు?

ముందు ఎంత పోతోందో చూడు. పొద్దున్నే బండి కదలకముందు నాలుగు టైర్లూ కొలువు. మంచి టైరుకైనా నెలకి ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, చలికి ఇంకాస్త తగ్గుతుంది. కానీ చలి నాలుగింటికీ ఒక్కటే కదా. మూడు 33 మీదే ఉండి ఒక్కటే వారంలో 26కి దిగిందంటే అది లీకే. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కో లెక్క చెబుతాయి, గాలి కొలిచే సొంత గేజ్ ఒకటి కొనుక్కో. ఎంత ఉండాలన్నది డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద అచ్చయిన అంకె గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకు.

తర్వాత గాలి నిండా పట్టి, మగ్గులో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు తీసుకో. మొదట గాలి కొట్టే వాల్వ్. మూత తీసి ఒక్క చుక్క వెయ్యి. బుడగ మెల్లగా ఉబ్బితే లోపలి పిన్ను వదులైనట్టు, చిన్న పని. వాల్వ్ మొదట్లో రబ్బరు పగిలి అక్కణ్ణుంచి వస్తే మాత్రం వాల్వే మార్చాలి. తర్వాత టైరు ముఖమంతా తడుపు. కింద ఆనిన భాగం కనబడదు కాబట్టి బండిని అర చక్రం ముందుకు జరిపి మళ్లీ చూడు. తొందరపడకు. సన్న లీకయితే నురగ ఆవగింజలంత గింజలుగా లేవడానికి నిమిషం పైన పడుతుంది. మేకో స్క్రూవో కనిపిస్తే పీకకు, పీకితే ఉన్న గాలీ పోతుంది. చాక్‌పీసుతో గుర్తు పెట్టి షాపుకి తీసుకెళ్లు.

ఇక రిమ్ము అంచు. దీన్ని చాలామంది చూడరు. నేనూ చూడక రెండు నెలలు గాలి కొట్టిస్తూ తిరిగాను. కేఆర్ పురం దగ్గర వానాకాలం గుంతలో పడ్డాక మొదలైంది. ఒక షాపులో మూడు పంక్చర్లు ఉన్నాయని డబ్బులు తీసుకున్నారు, మర్నాడు మళ్లీ గాలి దిగింది. చివరికి ఇంట్లో సబ్బు నీళ్లు పోస్తే టైరూ రిమ్మూ కలిసే చోట జానెడు పొడవున తెల్లటి నురగ. అలాయ్ రిమ్ము అంచు కొంచెం వంగింది, లోపల తెల్లగా పొడి పట్టింది. టైరు విప్పి, అంచు గీకి శుభ్రం చేసి, వంపు తీయించాకే ఆగింది.

అందుకే షాపులో పక్కనే నిలబడు. ప్రతి పంక్చర్‌కీ స్ట్రిప్ పొడిచే ముందే బుడగ చూపించమను, మొహమాటపడకు. బయటి నుంచి దూర్చే ఆ రబ్బరు స్ట్రిప్ ఇల్లు చేరడానికి సరే, హైవేకి మాత్రం టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించమంటాను. చిల్లు పక్క గోడకి ఉంటే ఎవరెన్ని చెప్పినా వేయించకు, టైరు మార్చు. ప్యాచ్ వేయించే ముందు టైరు వయసు కూడా చూడు: పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారయినట్టు. గోడకి పగుళ్లు కనబడితే అసలు ఆలోచించకు, టైరు మార్చేయ్.

చక్రం విప్పి బిగించాక కొంత దూరం తిరిగి నట్లు మరోసారి బిగించుకో. స్టెప్నీలో గాలి కూడా చూడు, అది గుర్తొచ్చేది రోడ్డు పక్కన నిలబడ్డాకే. తర్వాత రెండు పొద్దులు వరసగా కొలిచి నాకు అంకెలు మెసేజ్ పెట్టు. దిగలేదంటే బయల్దేరు. దిగిందంటే నా బండి తీసుకెళ్లు, తాళాలు అత్తయ్య దగ్గర పెట్టి ఉంచుతాను.

మీ మావయ్య