ట్రాక్ బండి రోడ్డెక్కాలంటే

ప్రశ్న: పాత చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి తక్కువ ధరకు దొరికితే కొన్నాను. ఇన్నేళ్లూ రేసు ట్రాక్ మీదే తిరిగిందట. వెనక సీట్లు లేవు, రోల్ కేజ్ (బోల్తా పడినా కప్పు నలగకుండా లోపల బిగించే గొట్టాల చట్రం) ఉంది, సైలెన్సర్ మార్చారు. ఇంజన్ మాత్రం భేషుగ్గా ఉంది. తనిఖీలో పాస్ చేయించి రోజూ నడుపుకోవాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఇంజన్ సంగతి తర్వాత. ముందు కాగితాలు తీయండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు రిజిస్ట్రేషన్‌లో ఉన్న నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ట్రాక్ బళ్లకు ఇంజన్లు మారుస్తుంటారు కనుక ఇంజన్ నంబరూ చూడండి. రిజిస్ట్రేషన్ చెల్లుతోందో లేదో తేలేదాకా ఒక్క బోల్టు కూడా కొనొద్దు.

ఆ తర్వాత బండిని స్టాండ్ల మీద నిలిపి అడుగు చూడండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. సస్పెన్షన్ బాడీకి కలిసే చోట, జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొదబొదమంటుంది. అక్కడ తుప్పు లోతుగా ఉంటే ఈ బండి మీద ఆశ వదులుకోవడమే మేలు.

బ్రేకుల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ట్రాక్ ప్యాడ్లు బాగా వేడెక్కితేగానీ సరిగా పట్టవు. పొద్దున్నే గేటు దాటగానే పిల్లాడు అడ్డమొస్తే? చల్లటి డిస్క్ మీద మొదటి తొక్కుకే బండి ఆగాలి. అందుకే రోడ్డు ప్యాడ్లే వేయించండి. డిస్కులో చీలికలు అంచుదాకా పాకితే అదీ మార్చాల్సిందే. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, మరిగితే బ్రేకు సరిగా పట్టదు. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్, తేమ చేరినదానికి ప్రమాణం 155 మాత్రమే. ఎప్పుడు పోశారో తెలియని ఫ్లూయిడ్‌ను పూర్తిగా దింపేయించండి.

టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందన్నమాట. టైరు పాతదైతే ట్రెడ్ (పైనున్న గాళ్లు) మిగిలున్నా రబ్బరు గట్టిపడి ఉండొచ్చు.

సైలెన్సర్ మార్చినవాళ్లు చాలాసార్లు పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ పీకేస్తారు. అది లేకపోతే పొగ పరీక్షలో గట్టెక్కడం కష్టం.

ఇక రోల్ కేజ్. అది హెల్మెట్ పెట్టుకున్నవాళ్ల కోసం చేసింది. హెల్మెట్ లేని తల ఆ గొట్టానికి కొట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. రోజూ నడపాలంటే తీయించేయమనే నా సలహా. బోల్టులతో బిగించినదైతే సులువే, వెల్డింగ్ చేసినదైతే తెలిసిన ఇంజనీరుకు చూపించకుండా కోయించొద్దు. కంపెనీ సీటు బెల్టులు తిరిగి పెట్టించండి.

మిగిలిన మార్పులన్నీ ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకవుతుంది. పాలసీ చేతికొచ్చేదాకా నడపొద్దు, తనిఖీకి కూడా ట్రక్కు మీదే పంపండి.