95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే

ప్రశ్న: మా నివాసుల సంఘం పార్కును, దాని పక్కనున్న చిన్న గ్రంథాలయాన్ని బాగుచేయించాలనుకుంటోంది. ఉయ్యాల, జారుడుబల్ల పెట్టించి, గోడలకు బొమ్మలు వేయిస్తే పసిపిల్లలకు సరిపోతుందని కొందరంటున్నారు. అయిదేళ్లలోపు పిల్లలకు ఇంకేమి కావాలి? చదవడం రాని వాళ్లకు సూచన బోర్డులెందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉయ్యాల, జారుడుబల్ల వద్దనను గాని, వాటితో పని తీరిపోయిందనుకోవడం పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. నెదర్లాండ్స్‌కు చెందిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ చేపట్టిన ‘అర్బన్95’ కార్యక్రమానికి ఆ పేరు ఈ కొలత నుంచే వచ్చింది. ఊరిని అంత ఎత్తు నుంచి చూస్తే మీరేమి మారుస్తారని అది నగర పాలకులను అడుగుతుంది. మీ సంఘ సభ్యులు కూడా గేటు నుంచి గ్రంథాలయం దాకా అక్కడక్కడా మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. మనకు ముచ్చటగా ఉన్న పూలకుండీల వరుస ఆ ఎత్తులో అడ్డుగోడ అవుతుంది. గేటు పక్కన ఆపిన కారు చాటున నిలబడ్డ పిల్లవాడు బండి నడిపేవారికి కనబడడు, వచ్చే బండి వాడికీ కనబడదు. పుస్తకాలిచ్చే బల్ల అంచు సరిగ్గా వాడి నుదుటికి తగులుతుంది. ఇక గోడ మీది బొమ్మలు సాధారణంగా పెద్దల తల ఎత్తున ఉంటాయి కనుక, అవి ఎవరి కోసం వేసినవో వేరే చెప్పనక్కరలేదు.

ఆట వస్తువుల విషయంలో ఆమ్‌స్టర్‌డామ్ ఉదాహరణ గమనించదగినది. ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి ఆ నగరంలోని ఖాళీ జాగాల్లో కొన్ని వందల ఆటస్థలాలను రూపొందించాడు. వాటిలో ఉన్నవి ప్రధానంగా ఇసుక గుంట, పొట్టి కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కడ్డీల కమానులు మాత్రమే. దిమ్మె మీద కూర్చోవాలో, దాని మీంచి దూకాలో పిల్లలే తేల్చుకునేవారు. మీరు ఇసుక గుంట పెట్టిస్తే దాని పక్కనే నీడలో ఒక బెంచీ వేయించండి; వెంట వచ్చిన పెద్దలకు కూర్చునే చోటు లేకపోతే పిల్లల ఆట పది నిమిషాల్లోనే ముగుస్తుంది. మరుగుదొడ్డి కూడా దగ్గరలోనే ఉండాలి.

బోర్డు చదివేది పిల్లవాడు కాదు, వాడి చెయ్యి పట్టుకున్న మనిషి. అందుచేత ఆ మనిషి పైకి చదివితే పిల్లవాడికి అర్థమయ్యేలా రాయాలి. ‘పరుగెత్తరాదు’ అన్న మాట ఏమి చేయకూడదో చెబుతుంది గాని, ఏమి చేయాలో చెప్పదు. ‘ఇక్కడ చెయ్యి పట్టుకుని నడుద్దాం’ అంటే ఆ పని వెంటనే చేయవచ్చు. అలాగే చేతులు 20 సెకన్లు రుద్దాలని కుళాయి దగ్గర రాస్తే, సెకనంటే ఏమిటో తెలియని పిల్లకు అది ఉత్త శబ్దం. ‘చిటికెన వేలు, ఉంగరపు వేలు అని పేర్లు చెబుతూ ఒక్కో వేలూ రుద్దుదాం’ అని రాసి, పక్కన ఒకే ఒక్క చేతి బొమ్మ వేయండి. చేతులూ శుభ్రపడతాయి, పెద్దలకూ పిల్లలకూ మధ్య నాలుగు మాటలూ నడుస్తాయి.

రంగులు కొనే ముందు ఈ వాక్యాలను అట్టముక్కల మీద రాసి, పిల్లల కంటి ఎత్తున వారం రోజులు అతికించి ఉంచండి. ఎవరూ పైకి చదవని దాన్ని తీసేసి మళ్లీ రాయండి.