కడపకు వస్తున్న మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన యాత్రా పట్టిక చదివాను. రెండు రోజుల్లో అహోబిలం, యాగంటి, మహానంది, లేపాక్షి, కడప అన్నీ చుట్టి రావాలన్న మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది గానీ, ఆ లెక్కన మీకు గుర్తుండేది కారు కుదుపులే. ఒక్క అహోబిలంలోనే తొమ్మిది నరసింహ సన్నిధులున్నాయి. వాటిలో కొన్నింటికి నల్లమల కొండదారిలో కాలినడకనే వెళ్లాలి. ఈసారికి కడపతో సరిపెట్టుకోండి.

తెల్లవారగానే దేవుని కడపకు వెళ్లండి. తిరుమలకు పోయేవారు ముందుగా ఇక్కడి లక్ష్మీవేంకటేశ్వరస్వామిని దర్శించుకోవడం ఆచారం కనుకనే దీనికి తిరుమల తొలిగడప అని పేరు వచ్చింది. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అన్న నమ్మకంతో ఉగాదినాడు ముస్లింలు కూడా ఈ గుడికి వస్తారు. మీరు వచ్చే రోజు ఉగాదే అయితే వారి ముఖాలకు ఫోన్లు గురిపెట్టవద్దని నీ మిత్రులకు ముందే చెప్పు. వారు మొక్కు తీర్చుకోవడానికి వస్తారు.

అక్కడి నుంచి రాజంపేట దారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఒంటిమిట్ట కోదండరామాలయం. ఎండెక్కితే మన సీమ రాతిబండలు అరికాళ్లను కాల్చేస్తాయి గనుక పొద్దున్నే చేరుకోండి. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన ఆ గర్భాలయంలో హనుమంతుడు ఉండడు. ఎందుకు లేడని వరుసలో నిలబడి అర్చకుణ్ణి ప్రశ్నించి వెనుకవారిని ఆపకుండా, బయటకు వచ్చాక ఊరి పెద్దలనెవరినైనా అడిగితే తీరికగా కథంతా చెబుతారు. దర్శనం కాగానే పరుగెత్తక మండపంలోని స్తంభాల దగ్గర కొంతసేపు కూర్చోండి. శ్రీరామనవమి తరువాత పున్నమి వెన్నెలలో, రాత్రిపూట, ఇక్కడ జరిగే కల్యాణాన్ని చూడాలంటే మాత్రం మరోసారి ప్రత్యేకంగా రావాలి. ఆ రోజు జనసమ్మర్దంలో శిల్పాలు చూడటం కుదరని పని.

సాయంత్రం కడపలోని పెద్ద దర్గాకు వెళ్లండి. యౌవనంలో నేను తల కప్పుకోకుండానే లోపలికి అడుగుపెట్టబోతే, గుమ్మం దగ్గర కూర్చున్న ఒక వృద్ధుడు ఒక్క మాటా అనక తన భుజం మీది తువ్వాలు తీసి నా తలపై వేశాడు. తిరిగి ఇవ్వబోతే, బయటకు వచ్చాక ఇద్దువులే అన్నాడు. అప్పటి నుంచి ఏ క్షేత్రానికి వెళ్లినా సంచిలో ఒక తువ్వాలు, ఒక పంచె పెట్టుకుంటున్నాను. మీరూ పెట్టుకోండి. ఆడవారు ఎంతవరకు వెళ్లవచ్చో అక్కడివారినే అడిగి నడుచుకోండి. పూలు, చాదరు సమర్పించాలనుకుంటే ధర ముందే అడగండి, బేరమాడి చిన్నబుచ్చవద్దు.

మధ్యాహ్నం భోజనానికి హోటలు వెతకవద్దు. మీ అత్తయ్య రాగిసంగటి చేస్తానంటున్నది. ఒంటిమిట్ట నుంచి బయలుదేరేటప్పుడు ఫోను చేస్తే, మీరు చేరేసరికి వేడిగా ఉంటుంది.

మీ మామయ్య,
కడప