ఎంజైమ్ కదలకపోతే ఏమవుతుంది? ఒకదాన్ని కట్టేసి చూశా కాబట్టి చెప్తున్నా

ఇంటర్‌లో ఎంజైమ్ (జీవుల్లో రసాయన చర్యల్ని వేగంగా జరిపించే ప్రోటీన్) అంటే తాళంకప్ప, సబ్‌స్ట్రేట్ (అది పట్టుకుని మార్చే పదార్థం) అంటే తాళంచెవి అని చదివాం, ఇప్పుడు డిగ్రీలో సార్ ఎంజైమ్ కదులుతుంది, వంగుతుంది, ఆ కదలిక లేకపోతే పనే జరగదు అంటున్నారు, ఏది నిజం అని కదా మీరు అడిగింది. సార్ చెప్పిందే నిజం. తాళంకప్ప మాట 1894లో ఎమిల్ ఫిషర్ అన్నది, అప్పటికి ప్రోటీన్ లోపల ఎలా ఉంటుందో చూసినవాళ్ళే లేరు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం. 1958లో డేనియల్ కోష్‌లాండ్ వచ్చి, సబ్‌స్ట్రేట్ వచ్చి కూర్చున్నాక ఎంజైమ్ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది అన్నాడు. ఈ రెండు పేర్లూ రాస్తే పరీక్షలో మార్కులు వచ్చేస్తాయి, నాకూ వచ్చాయి. విషయం మాత్రం బుర్రకెక్కింది ఎమ్మెస్సీ ప్రాజెక్టులో లైపేజ్ నా పరువు తీశాకే.

లైపేజ్ అంటే కొవ్వుని, నూనెని విడగొట్టే ఎంజైమ్. నా ప్రాజెక్టు ఏంటంటే కాండిడా రుగోసా అనే ఈస్ట్ లైపేజ్‌ని రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ బీడ్స్ (చిన్న గుండ్లు) మీద అతికించడం, అలా అతికిస్తే ఒకసారి వాడిన ఎంజైమ్‌ని వడకట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. అతికించడానికి జిగురులా వాడేది గ్లుటరాల్డిహైడ్, దానికి రెండు చివర్లా కొక్కేలున్నట్టు ఉంటాయి, ఒకటి బీడ్‌ని పట్టుకుంటుంది, ఇంకోటి ఎంజైమ్‌లో ఉండే లైసీన్‌లని (ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి అమైనో ఆసిడ్లలో ఒక రకం) పట్టుకుంటుంది. నేనేం చేశానంటే గట్టిగా అతుక్కోవాలి కదా అని గంట ఉంచాల్సిందాన్ని రాత్రంతా ఉంచేశా, పైగా డోస్ కూడా పెంచా. పొద్దున్నే చూస్తే బీడ్స్ ముదురు పసుపు రంగులో భలే ఉన్నాయి, కడిగిన నీళ్ళలో ప్రోటీన్ చూస్తే దాదాపు ఏమీ లేదు, అంటే వేసిందంతా అతుక్కుంది. ఇంకేం, మన పని అయిపోయింది అనుకుని యాక్టివిటీ చూశా. సబ్‌స్ట్రేట్ తెగితే పారా నైట్రోఫినాల్ బయటికొచ్చి పసుపు రంగు రావాలి, 410 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పెరగాలి. అది పెరగట్లేదు. కువెట్ మార్చా, బఫర్ మళ్ళీ కలిపా, లాభం లేదు, మొదట వేసిన ఎంజైమ్ పనిలో పదో వంతు కూడా రాలేదు.

ఎంజైమ్ చచ్చిపోయిందనుకున్నా. ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసే అక్క నోట్‌బుక్ తిరగేసి నవ్వింది. "చావలేదురా, నువ్వు దాని మూత కట్టేశావు, నూనె లోపలికెలా పోద్ది?" అంది.

లైపేజ్‌కి నిజంగానే మూత ఉంటుంది. యాక్టివ్ సైట్ (అసలు పని జరిగే గుంట) మీద చిన్న హెలిక్స్ (స్ప్రింగ్‌లా మెలితిరిగిన ప్రోటీన్ ముక్క) ఒకటి తలుపులా కప్పుకుని ఉంటుంది, మామూలు నీళ్ళలో ఆ తలుపు ఎక్కువసేపు మూసే ఉంటుంది. నూనె బొట్టు అంచు తగిలితే అది పక్కకి ఒరిగి తెరుచుకుంటుంది, తెరుచుకున్నాకే పని. అందుకే లైపేజ్ నీళ్ళలో బద్ధకంగా ఉండి నూనె పైపొర కనపడగానే ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ఇది చాలాకాలం ఒక పొడుపుకథ, 1990 ప్రాంతంలో లైపేజ్‌ల క్రిస్టల్ స్ట్రక్చర్లు వచ్చాక మూత సంగతి కళ్ళారా కనపడింది. నేను గ్లుటరాల్డిహైడ్‌తో నీళ్ళలో కట్టేశాను కాబట్టి మూత మూసుకున్న భంగిమలోనే బిగుసుకుపోయింది అన్నమాట. (బీడ్ లోపలికి సబ్‌స్ట్రేట్ సరిగ్గా చేరకపోవడం కూడా కొంత కారణమే, అంతా మూత మీదకి నెట్టేస్తే అన్యాయం.)

అక్క చెప్పిన చిట్కా ఏంటంటే అతికించేటప్పుడే కొంచెం ట్రైటాన్ ఎక్స్-100 కలపమంది, అది డిటర్జెంట్, దాన్ని నూనె అనుకుని ఎంజైమ్ మూత తెరుస్తుంది, తెరిచి ఉండగా అతికించి తర్వాత డిటర్జెంట్‌ని కడిగేయాలి. గ్లుటరాల్డిహైడ్ కూడా తగ్గించి గంటలో తీసేశా. అదే ఎంజైమ్, అవే బీడ్స్, ఈసారి పసుపు రంగు వచ్చింది, మొదటిదానికి నాలుగైదు రెట్లు. ఇంకో తమాషా, నేను పాడుచేశాననుకున్న ఆ మొదటి బ్యాచ్‌ని 60 డిగ్రీల్లో పెడితే ఉన్న కాస్త పనీ అలాగే చేస్తూ ఉంది, బీడ్ లేని విడి ఎంజైమ్ మాత్రం కాసేపటికే పూర్తిగా పోయింది. బిగిస్తే ఆయుష్షు వస్తుంది, పని పోతుంది.

మీకు సెమినార్‌లో చెప్పాలంటే నేనైతే తాళంకప్ప వదిలేసి అడకత్తెర చెప్తా. అడకత్తెర మేకు దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతే నోరే తెరవదు, వక్క లోపలికి పోదు. మేకు మరీ వదులైపోయి రెండు దవడలూ అటూఇటూ ఊగుతుంటే వక్క జారిపోతుంది. మేకు దగ్గర కదలాలి, కత్తి దగ్గర కదలకూడదు. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ అచ్చం ఇలాగే ఉంటుంది, రెండు దవడలు, మధ్యలో గ్లూకోజ్, గ్లూకోజ్ రాగానే ఒక దవడ దాదాపు 12 డిగ్రీలు తిరిగి మూసుకుంటుంది. ఇక్కడ మూసుకోవడం ఎందుకంటే, దాని పని ఏటీపీ (కణంలో శక్తిని మోసే అణువు) నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి గ్లూకోజ్‌కి పెట్టడం, కానీ చుట్టూ ఉన్నది నీళ్ళు, గ్లూకోజ్‌కి ఉన్నట్టే నీళ్ళకీ ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఓహెచ్ ఉంది, నోరు ఎప్పుడూ సరైన ఆకారంలో తెరుచుకునే ఉంటే ఫాస్ఫేట్‌ని నీళ్ళే లాగేసుకుంటాయి, ఏటీపీ దండగ. నీళ్ళు దవడని మూయించలేవు, గ్లూకోజ్ మూయించగలదు, అందుకే నీళ్ళతో ఆ చర్య వేల రెట్లు నెమ్మది. ఇంకా బాగా తెలియాలంటే జైలోజ్ పెట్టి చూడాలి. అది గ్లూకోజ్ లాంటిదే, చివర ఒక కార్బన్ తక్కువ. అది వచ్చి కూర్చుంటే దవడ మోసపోయి సర్దుకుంటుంది, కానీ ఫాస్ఫేట్ తీసుకోవాల్సిన చోట ఖాళీ ఉంటుంది, అక్కడ నీళ్ళు దూరి ఏటీపీ వృథాగా తెగుతుంది. (ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మా ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫేట్ కొలిచే పద్ధతి కూడా ఆ ఇద్దరిదే, మూడేళ్ళు వాడాక గానీ ఆ సుబ్బారావు ఈ సుబ్బారావే అని నాకు వెలగలేదు.)

కదలిక వేగమే పని వేగాన్ని ఎలా తేలుస్తుందో చూడాలంటే ఫాస్ఫేట్‌ని ఒక అణువు నుంచి ఇంకోదానికి మార్చే అడినైలేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌ని చూడండి. దాంట్లో రసాయన చర్య చిటికెలో అయిపోతుంది, ఆ తర్వాత మూత తెరుచుకుని తయారైన సరుకు బయటికి పోవడానికే టైమ్ పడుతుంది. మన పేగుల్లో బతికే ఈ.కోలై బాక్టీరియాలో ఉండేదాన్నీ, మరిగే నీళ్ళ దరిదాపుల్లో బతికే అక్విఫెక్స్ బాక్టీరియాలో ఉండేదాన్నీ 20 డిగ్రీల దగ్గర పక్కపక్కన పెట్టి ఎన్‌ఎంఆర్‌తో (అణువుల కదలికని పట్టి చూపే పద్ధతి) చూస్తే వేడి దేశపుదానికి మూత తెరవడం బాగా నెమ్మది, దాని పని కూడా అంతే నెమ్మది, ఈ లెక్క 2004లో వచ్చింది. అది వేడిలో ఊడిపోకుండా బిగువుగా కట్టుకున్న ఎంజైమ్, చల్లగా ఉన్నచోట ఆ బిగువే దాని కాళ్ళకి బంధం. పీసీఆర్‌లో (డీఎన్‌ఏకి కాపీలు తీసే పద్ధతి) వాడే టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ 72 డిగ్రీల దగ్గర పరిగెత్తి రూమ్ టెంపరేచర్‌లో కునికిపాట్లు పడేది కూడా చాలావరకు ఇందుకే. అంటార్కిటికా సముద్రంలో బతికే బాక్టీరియా ఎంజైమ్‌లు దీనికి తిరగేసి, చలిలో కూడా కదిలేలా వదులుగా ఉంటాయి, కాస్త వేడి తగిలితే చాలు చెడిపోతాయి.

ఒక విషయంలో జాగ్రత్త. డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌లో యాక్టివ్ సైట్‌కి బాగా దూరంగా ఉన్న 121వ అమైనో ఆసిడ్ గ్లైసీన్‌ని వాలీన్ అనే ఇంకోదానిగా మారిస్తే హైడ్రైడ్ బదిలీ (ఒక అణువు నుంచి ఇంకోదానికి హైడ్రోజన్‌ని చేర్చే దాని అసలు పని) వేగం దాదాపు 200 రెట్లు పడిపోతుంది. ఇది చూపించి చాలామంది, ఎంజైమ్ ఊగి ఊగి ఆ ఊపుతోనే బాండ్‌ని తెంపుతుంది అని రాసేస్తారు. అది ఎక్కువ చెప్పడమే అని నా ఉద్దేశం. 2013 నోబెల్ అందుకున్న ఏరీ వార్షెల్ మొదట్నుంచీ అనేది, అసలు రసాయన మెట్టు దగ్గర బలం ఎంజైమ్‌లోని ప్లస్, మైనస్ విద్యుత్ ఛార్జ్‌లు ముందే సరైన చోట అమరి ఉండటం వల్ల వస్తుంది, ఊపు వల్ల కాదు అని. నాకు ఆయన మాటే సబబుగా అనిపిస్తుంది. రానివ్వడం, మూసుకోవడం, అమర్చుకోవడం, బయటికి పంపడం, వీటన్నిటికీ కదలిక కావాలి, తెంపే ఆ క్షణానికి మాత్రం అడకత్తెర కత్తిలా నిలకడ కావాలి. వైవాలో ఈ తేడా అడుగుతారు, నన్ను అడిగారు, నేను నీళ్ళు నమిలా.

బొమ్మ లేకుండా ఇదంతా తలకెక్కదు కాబట్టి పీడీబీ (ప్రోటీన్ల ఆకారాలు దాచి ఉంచే చోటు) వెబ్‌సైట్‌లో 4ఏకేఈ, 1ఏకేఈ అని రెండు ఫైళ్ళు దించుకోండి, రెండూ ఈ.కోలై అడినైలేట్ కైనేజే, మొదటిది నోరు తెరిచి ఉన్నది, రెండోది ఇన్హిబిటర్‌ని (పనిని అడ్డుకునే అణువు) నోట్లో పెట్టుకుని మూసుకున్నది. ఫోన్‌లో వద్దు, ల్యాప్‌టాప్‌లో పైమాల్ (ఆ ఫైళ్ళని బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి చూడండి, మధ్యలో ఉన్న పెద్ద ముక్క కదలకుండా అలాగే ఉంటుంది, పైన మూతా, ఇంకో పక్కనున్న చిన్న ముక్కా అంత దూరం ఎలా వాలాయో కనపడుతుంది.