ఆ నీళ్ల సీసా దగ్గర ఆగండి

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఫోన్‌తో 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. పట్నంలో ఉండే మా అన్న పెళ్లాంతో, పిల్లాడితో దసరాకి ఊరికొస్తాడు. మా అమ్మ చెంబుతో నీళ్లిస్తే, వదిన తాను తెచ్చుకున్న సీసా తీసి పిల్లాడికి తాగిస్తుంది. అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. చివర్లో నాయన వదినను నిలదీసి, పల్లె మర్యాద గురించి రెండు నిమిషాలు మాట్లాడతాడు. ఫ్రెండ్స్ చప్పట్లు కొట్టారు గానీ నాకే ఎందుకో నచ్చలేదు. ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీకు నచ్చకపోవడమే కరెక్టు. ఆ రెండు నిమిషాలూ తీసెయ్. నాయన నోరు విప్పగానే అంతసేపూ ఆ ఇంట్లో ఉన్న ఇబ్బంది కాస్తా గొడవగా మారిపోతుంది, గొడవలో ఎవరో ఒకరు గెలుస్తారు, చూసేవాళ్లు గెలిచినవాళ్ల పక్కకు పోయి హాయిగా ఇంటికెళ్తారు. మన ఇళ్లలో అలా జరగదు కదా. ఎవ్వరూ ఏమీ అనరు, అందరూ నవ్వుతూనే అన్నం తింటారు, కారు వెళ్లిపోయాక ఆ చెంబు మాత్రం అరుగు మీద అలాగే ఉంటుంది.

పైగా నువ్వు పెట్టుకున్నది నీళ్లు, అదీ నల్లగొండ జిల్లాలో. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయినవాళ్లను, పళ్లు గారపట్టినవాళ్లను చూడనివాళ్లు మనలో ఎవరున్నారు? లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, కాచి తాగినా అది పోదు. అలాంటి చోట పిల్లాడికి సీసా నీళ్లు పట్టిన తల్లిని పొగరుబోతు అని ఎలా అంటాం? ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి నిజమే, కానీ భయం అంత తొందరగా పోదు. అసలు మీ అమ్మ కూడా చుట్టాలొస్తున్నారని పొద్దున్నే ఫిల్టర్ నీళ్ల డబ్బా తెప్పించి, అందులోంచే చెంబు నింపిందనుకో. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆమెకు మనసు రాదు, కోడలికి అడగడానికి మొహమాటం. ఇద్దరిదీ ఆ పిల్లాడి గురించిన భయమే. ఈ సీను రాయి తమ్ముడూ, నీ సినిమా ఇక్కడుంది.

ఇంకొకటి. ఆ సీసాలోవి ఎక్కడి నీళ్లు? 2004 నుంచి మీ వైపున్న అక్కంపల్లి రిజర్వాయర్‌లోని కృష్ణా నీళ్లను కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నాసర్లపల్లి, గొడకొండ్ల, గున్‌గల్ పంపుల మీదుగా హైదరాబాద్‌కు ఎత్తిపోస్తున్నారు. ఆమె వంటింట్లో పట్టుకొచ్చిన నీళ్లు మీ ఊళ్ల పక్కనుంచి పోయినవే కావచ్చు. దయచేసి దీన్ని డైలాగ్ చేయకు. కారు కిటికీలోంచి పెద్ద పైపు ఐదు సెకన్లు కనబడితే చాలు, మన వైపు వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

అన్నను కూడా ఊరికే కుర్చీలో కూర్చోబెట్టావు. ఫోన్‌లో ఆఫీసువాళ్లతో "అలాగేనండి" అని, ఫోన్ పెట్టేసి వాళ్లమ్మతో "గట్లనే తియ్యే" అనే మనిషి అతను. రెండు భాషల మధ్య రోజంతా నలిగేది అతనే, అతనికి కనీసం ఒక్క క్లోజప్ ఇవ్వు. ఊరిని మరీ కడిగిన ముత్యంలా చూపించకు కూడా. కోడలిని ఇంటిపేరు అడుగుతూ అడుగుతూ కులం దాకా వచ్చే పెద్దమనుషులు మన అరుగుల మీదే కూర్చుంటారు, ఆమె బిగుసుకుపోయిందంటే అది కూడా ఒక కారణమే.

ప్రశ్న: మేము హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊరికి వెళ్లి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ముందురోజు చక్కగా మాట్లాడిన ఒక పెద్దమ్మ, కెమెరా పెట్టగానే కొత్త చీర కట్టుకొచ్చి టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. నిన్నటి చీరే కట్టుకోమంటే ముఖం ముడుచుకుంది. సహజంగా మాట్లాడించడం ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆమె ముఖం ముడుచుకున్నదే సహజం, మీరు గమనించలేదు. ఇంటికి మనుషులొస్తే మంచి చీర కట్టుకోవడం మన మర్యాద, మీ ఇంట్లోనూ అంతే. మీరు పాత చీర అడిగారంటే ఆమె మాట కన్నా ఆమె పేదరికమే మీకు ఎక్కువ కావాల్సి వచ్చిందని ఆమెకు అర్థమైంది. ఆనకట్టల పనులకు, బొంబాయి కూలికి తరాలుగా వలసపోయిన పాలమూరు ఊళ్లవి, కరువును ఫోటో తీసుకోవడానికి వచ్చినవాళ్లను వాళ్లు చాలామందినే చూశారు.

ముందు వెళ్లి క్షమాపణ అడగండి. ఒకరోజు కెమెరా లేకుండా ఉండండి, ఆమె పల్లికాయ ఒలుస్తుంటే మీరూ కూర్చొని ఒలవండి. ఇంతవరకు తీసింది ఫోన్‌లో ఆమెకు చూపించండి, వద్దన్న ముక్క తీసెయ్యండి. ఏ చీరలో తీయాలో ఆమెనే చెప్పనివ్వండి, కొత్త చీరే అంటే దాంతోనే తీయండి.